వంతు మారిన వారం

కాలువలోకి నీళ్లు వచ్చిన కొత్తలో, అరవైల చివర, నల్లగొండ ఆఫీసులో నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. ఆర్డరులో ఇంగ్లీషులో పొడుగాటి మాటేదో ఉండేది. హాలియా చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం నన్ను కాయిదాల సారు అనేవాళ్లు.

పట్నంలో ఒక గది నిండా పట్టే లెక్కల యంత్రం ఉండేది. కంప్యూటర్ అన్న మాట అప్పటికి మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురికే తెలుసు. ప్రధాన కాలువ నుంచి చీలే పిల్లకాలువల్లో దేనికి ఏ వారం నీళ్లు వదలాలి, దేనికి ఏ వారం ఆపాలి అన్నది ఆ యంత్రం చేత లెక్క కట్టించి చూద్దామని పైవాళ్లు అనుకున్నారు. దానికి లెక్క నేర్పిన యువకుడు గణితంలో దిట్ట. అట్టముక్కలకు రంధ్రాలు కొట్టించి, వాటిని యంత్రానికి మేపి, మూరల కొద్దీ కాగితం బయటికి తీసేవాడు. ఇప్పటివాళ్లు ఆ పనిని సాఫ్ట్‌వేర్ రాయడం అంటారు. అది రాయడం అయ్యాక మిగిలిన పనంతా నాది. ఆ కాగితాన్ని నల్లగొండకు తెప్పించాలి. తెలుగులోకి మార్చి సైక్లోస్టైల్ యంత్రం మీద నకళ్లు తీయించాలి. ఊరూరా అంటించాలి. గేట్ల దగ్గర ఉండే లస్కర్లకు దాన్ని చదవడం నేర్పాలి. రైతులు పెట్టే మొర విని, అది పట్నం అతనికి అర్థమయ్యేలా చెప్పాలి.

మాది పానగల్ దగ్గర పల్లె. మా బాపు, అంటే నాన్న, గొర్లు కాసేవాడు. ఉర్దూలో సగం, తెలుగులో సగం చదువుకుని బయటపడ్డ నన్ను ఆ పనికి ఎంచుకోవడానికి మా ఆఫీసరు ఒకే కారణం చెప్పారు. ఆయన కోస్తా నుంచి వచ్చినవారు. ఊళ్లలోకి వెళితే వాళ్ల మాట ఆయనకు, ఆయన మాట వాళ్లకు సగమే అందేది.

మొదట్లో ఆ కాగితాన్ని ఎవరూ నమ్మలేదు. పట్నంలో కూర్చున్న ఇనుప డబ్బాకు మా పొలం ఎండిందో తడిసిందో ఏమెరుక అని నవ్వేవాళ్లు. అంతకుముందు నీళ్లు మాట మీద నడిచేవి. ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ల మనిషి వచ్చి లస్కరు చెవిలో చెబితే గేటు లేచేది. అందుకే నేను లస్కర్లందరినీ కూర్చోబెట్టి ఒకే మాట నూరిపోశాను. ఎవరు వచ్చి ఏం చెప్పినా వినొద్దు, కాగితంలో ఉన్నదే చేయాలి, మార్పు ఉంటే అది కూడా కాగితం మీదే వస్తుంది అని. కొన్నాళ్లకు కాగితంలో వదలమని ఉన్న రోజున నీళ్లు రావడం, ఆపమని ఉన్న రోజున ఆగడం జనం చూశారు. అప్పటినుంచి హోటళ్లలో చాయ్ తాగుతూ కూడా దాని గురించే మాట్లాడుకునేవాళ్లు. పెళ్లి ముహూర్తాలు సైతం నీళ్లు లేని వారం చూసి పెట్టుకున్న ఇళ్లు నేనెరుగుదును.

ఆ నమ్మకం చూసి మొదట సంతోషించాను. కానీ అది ఎంత దూరం పోయిందో తర్వాత గానీ తెలియలేదు.

మా అక్కను ఆ కాలువ ప్రాంతంలోనే ఇచ్చారు. బావకు ఎకరం అరెకరం పొలం ఉన్నా ఆయన ప్రాణమంతా మంద మీదే. మాఘం దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకసారి వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు, బావను వెతుక్కుంటూ కాలువ కట్ట మీద నడిచాను. ఒక చోట గుట్టను చీల్చి కాలువ తవ్వారు, రాతికోత అంటారు దాన్ని. రెండు వైపులా నిలువునా రాయి. అడుగున మంచి నీడ. తొంగి చూస్తే బావ మంద మొత్తం ఆ అడుగున పండుకుని ఉంది. బావ చిన్నాయన, తల నెరిసిన మనిషి, రుమాలు ముఖం మీద కప్పుకుని నిద్రపోతున్నాడు. గొర్రెపిల్లలను గంపల కింద కమ్మి ఉంచారు. పైకి ఎక్కడానికి దిగువ కొసన ఒకటే బాట.

బావా, ఇదేం జాగా, నీళ్లొస్తే ఎట్ల అని అడిగాను. ఆయన నన్ను చూసి ముసిముసిగా నవ్వాడు.

“నువ్వు అంటించిన కాయిదమే కదా బామ్మర్ది. గీ వారమంత బంద్ అని రాసి ఉన్నది. నీ మాట మేము నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతరు?”

కాగితం ప్రకారం ఆయన చెప్పింది నిజమే. అయినా ఆ రాతి గోడల మధ్య నుంచి మంద పైకి ఎక్కాలంటే ఉన్నది ఆ ఒక్క బాటే. ఇట్ల దిగవద్దని చెప్పాను. చూద్దాంలే అన్నాడు. చిన్నాయన నిద్రలోంచే చేయి ఊపి, ఎండకు గొర్లు పడిపోతున్నయి బిడ్డా, ఇంతకన్నా చల్లని తావు ఎక్కడుందని అడిగాడు. నల్లగొండకు రాగానే ఆఫీసరుకు ఈ సంగతి చెప్పాను. కాలువలోకి దిగరాదని బోర్డులు పెట్టిద్దాం అన్నారు. బోర్డులు రాలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు కాలువ చివరి ఊళ్ల రైతులు ఆఫీసు ముందు కూర్చున్నారు. వాళ్ల వంతు వచ్చేసరికి నీళ్లు సన్నబడి, పొట్టకొచ్చిన వరి ఎండుతోందన్నారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. నేను స్వయంగా వెళ్లి నెర్రెలు బారిన మడులు చూసి వచ్చాను. పైనుంచి ఒత్తిడి వచ్చింది. పట్నం యువకుడు అట్టముక్కలు మార్చి మళ్లీ లెక్క కట్టించాడు. వంతులన్నీ తలకిందులయ్యాయి. బావ వాళ్ల ఊరి మీదుగా పోయే పిల్లకాలువకు, పాత కాగితంలో బంద్ అని ఉన్న వారమే కొత్త కాగితంలో నీళ్లు పడ్డాయి.

ఆ కాగితం బస్సులో నల్లగొండకు వచ్చింది గురువారం. సోమవారం నుంచి అమలు అన్నారు.

నేను ఆఫీసరు గదిలోకి వెళ్లి ఒక వంతు తిరిగేదాకా గడువు అడిగాను. పాత కాగితాలు తీసేయాలి, కొత్తవి అంటించాలి, ప్రతి లస్కరును కూర్చోబెట్టి చెప్పాలి, ప్రతి ఊళ్లో చాటింపు వేయించాలి అని వివరించాను. ఆయన కోపిష్టి మనిషి కాదు. ఆ వారం ఆయనకు కూడా నిద్ర లేదు.

“యంత్రం ఒక్క పూటలో చేసింది కదండీ ఈ లెక్కంతా. కాగితాలు అంటించడానికి మీకు అన్ని రోజులెందుకండీ? అక్కడ పైరు చచ్చిపోతోంది.”

లెక్క మారడం వేరు, లెక్క మారిందని మనుషులకు తెలియడం వేరు అని చెప్పాను. సోమవారం మారదు, మీరు చేయగలిగింది చేయండి అన్నారాయన. జీపు అడిగితే ఎవరో పెద్దవాళ్ల పర్యటనకు పోయిందన్నారు.

శుక్రవారం సైక్లోస్టైల్ దగ్గర కూర్చుని నకళ్లు తీసి, శనివారం పొద్దున్నే కాగితాల మూటతో, సైకిలును బస్సు మీద కట్టించుకుని హాలియా వెళ్లాను. అక్కడినుంచి సైకిలు మీద ఊరూరా తిరిగాను. వెళ్లిన చోటల్లా మొదట చేసిన పని పాతది చింపడం. పంచాయతీ ఆఫీసు గోడ మీద, బడి గోడ మీద, హోటల్లో. కొత్తది అంటించి, డప్పు కొట్టేవాణ్ని పిలిపించి చాటింపు వేయించేవాణ్ని. లస్కర్లు కొత్త కాగితం తీసుకుని, సంతకం చూసి, పాతది నా చేతికి ఇచ్చేవాళ్లు. ఆ పని మాత్రం చక్కగా సాగింది.

ఆదివారం ఒక ఊళ్లో హోటలు గోడ మీది కాగితం నేను చింపుతుంటే ఒక రైతు జేబులోంచి మడత కాగితం తీసి, నాది కూడా మార్చి ఇయ్యి సారు అన్నాడు. చూస్తే పెన్సిలుతో రాసుకున్న నకలు. ఎక్కడిదని అడిగాను. బడి పంతులు రాసి ఇచ్చాడట. పంతులు దగ్గరికి పోతే, ఆయన మంచి మనసుతోనే, అడిగిన వాళ్లందరికీ రాసి ఇచ్చానన్నాడు. గూడేలకు, తండాలకు, మెట్ట చెలకల్లో గుడిసెలు వేసుకున్న వాళ్లకు. ఎంతమందికి అంటే గుర్తు లేదన్నాడు. వాళ్ల దగ్గర చూసి మళ్లీ ఇంకెవరు రాసుకున్నారో ఆయనకూ తెలియదు.

ఆ బడి అరుగు మీద కూర్చుండిపోయాను. నేను అంటించిన కాగితాలు నేను తీయగలను. నేను ఎన్నడూ చూడని కాగితాలను ఎట్లా తీయడం? చాటింపు వినిపించేది ఊరి నడిమధ్యన. మంద వెంట పోయినవాడికి ఆ డప్పు వినపడదు. అప్పుడు బావ గుర్తొచ్చాడు.

నా దారిలో చివరిదైన అక్క ఊరికి, చీకట్లో సైకిలు సాగక, సోమవారం పొద్దునకు గానీ చేరలేకపోయాను. అక్క వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. బావ ఏడని అడిగితే, మంద తోలుకుని పోయి నాలుగు రోజులైందని, చిన్నాయన కూడా వెంట ఉన్నాడని చెప్పింది. ఎటు పోయారో తెలుసా అన్నాను.

“ఏమో తమ్మీ. నీ కాయిదం నకలు రుమాల్ల కట్టుకొని పోయిండు. ఈ వారం కాలువ బందేనట కదా. ఎండకు ఆ రాతికోతలనే పండవెడుతమన్నడు.”

నేను చాట పక్కన నిలబడే వంతు మారిందని చెప్పాను. అక్క చేతిలో చాట ఆగిపోయింది. నా ముఖంలోకి చూసి, పో తమ్మీ, జల్ది పో అంది.

ముందు నీళ్లనే ఆపాలని, ఊరికి ఎగువన ఉన్న గేటు వైపు తొక్కాను. నేను వెళ్లేసరికి షట్టరు లేచి ఉంది. నీళ్లు ఎర్రగా, బురద సుళ్లు తిరుగుతూ పిల్లకాలువలోకి దూకుతున్నాయి. లస్కరు గట్టు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. తెల్లవారగానే ఎత్తానన్నాడు. కింద మనుషులున్నారు, మూయమన్నాను. అతను లేచి నిలబడ్డాడు గానీ గేటు దించే చక్రం మీద చేయి వేయలేదు.

“నోటిమాట మీద మూయద్దని మీరే చెప్పిన్రు సారు. కాయిదంల ఇయ్యాల ఎత్తుమని ఉన్నది. రేపు నా నౌకరి పోతే ఎవరు జిమ్మేదారు?”

అతని మీద నాకు కోపం రాలేదు. అతను నేను నేర్పిందే చేస్తున్నాడు. జేబులోంచి కాగితం తీసి, గేటు మూయించింది నేనేనని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. లస్కరు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి దాచుకుని, చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. షట్టరు కిందికి దిగింది. అప్పటికే పోయిన నీళ్లు మాత్రం పోతూనే ఉన్నాయి.

కట్ట మీద సైకిలు తొక్కాను. కట్టను బండ్లు తెగ్గొట్టిన చోటల్లా దిగి, మోసుకుని దాటి, మళ్లీ ఎక్కి తొక్కాను. పక్కన కాలువలో నీళ్లు నాకు తోడుగా వస్తున్నట్టే ఉన్నాయి. ఎంత తొక్కినా వాటి మొన కనపడలేదు. దారిలో పొలాల్లో పనిచేసుకుంటున్న వాళ్లు తల ఎత్తి చూశారు. ఒకామె నీళ్లొచ్చినయి అని సంబరంగా ఎవరినో పిలుస్తోంది. చివరికి ఒక మలుపులో నీటి మొన కనపడింది. ఎండుటాకులు, తుమ్మకంప, గొర్రె పెంటికలు, చచ్చిన తొండలు, అన్నిటినీ ముందు తోసుకుంటూ చప్పుడు లేకుండా పోతోంది. మనిషి వడిగా నడిచినంత వేగం, అంతే. దాన్ని చూసి నాకు ఆశ పుట్టింది. దాటాను. దాటి ఎంతో దూరం పోకముందే ముందు చక్రం తుమ్మముల్లు మీద ఎక్కి గాలి పోయింది. సైకిలు అక్కడే పడేసి పరుగెత్తాను.

గుట్ట దగ్గర కాలువ ఇరుకవుతుంది. అంతదాకా పలచగా పారిన నీళ్లు అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి లేస్తాయి. నేను రాయి అంచు మీదికి చేరి కేకవేసేసరికి, బావ అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. గొర్లకు మనకన్నా ముందే తెలిసింది. మందంతా ఒక్కసారి బెదిరి, దిగువ కొసన ఉన్న ఒకే ఒక బాట వైపు తోసుకుంటోంది. బావ ముందు గొర్రెను చెవి పట్టి పైకి లాగితే మిగతావి వెంట పడ్డాయి. నేను బాట తలలో నిలబడి, వచ్చినదాన్ని వచ్చినట్టు పైకి గుంజుతున్నాను.

చిన్నాయన ఎగువ కొసన ఉన్నాడు. పిల్లల గంపలు ఉన్నది అక్కడే. ఆయన మా వైపు రాలేదు. గంపలు లేపి, ఒక్కొక్క పిల్లను రాతిగోడలో ఉన్న అరుగులాంటి చోట ఎక్కిస్తున్నాడు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. బావ అరిచాడు.

“చిన్నాయినా, ఇడిసిపెట్టు. రా.”

వస్తున్న అన్నట్టు ఆయన చేయి ఎత్తాడు. ఇంకో గంప వైపు వంగాడు. తుమ్మకంప మండ ఒకటి నీళ్లలో తిరుగుతూ వచ్చి ఆయన కాళ్లకు చుట్టుకోవడం నేను చూశాను. ఆయన పడిన చప్పుడు కూడా నాకు వినపడలేదు. గొర్ల అరుపుల్లో కలిసిపోయింది. బావ నీళ్లలోకి దూకాడు. నేను దూకాను. నీళ్లు తొడల దాకా ఉన్నాయి, అడుగున బండ పాకురుపట్టినట్టు జారుతోంది. మమ్మల్ని దాటుకుని ఆయన రుమాలు పోయింది, ఆయన కనపడలేదు.

నీళ్లు తగ్గాక దిగువ తూము దగ్గర, కంపలో చిక్కుకుని దొరికాడు, ప్రాణం లేదు. అరుగు మీది గొర్రెపిల్లలన్నీ బతికాయి.

ఊరివాళ్లు వచ్చి మంచం మీద మోసుకుపోయారు. నేను వెనక నడిచాను. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అనిపించింది. సాయంత్రం దాకా అక్క ఇంట్లో కూర్చున్నాను. అక్క నాకు నీళ్లు తెచ్చి ఇచ్చి, తాగేదాకా నిలబడి, చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆఫీసులో విచారణ జరిగింది. పట్నం యువకుణ్ని కూడా పిలిపించారు. అతను కాలువను మొదటిసారి చూసింది అప్పుడే. యంత్రం లెక్కలో తప్పు లేదని తేలింది. లస్కరు తప్పు లేదని తేలింది. కాలువలోకి దిగడమే నిషేధమని, కాబట్టి ఎవరి బాధ్యతా లేదని రాశారు. నాకు మాత్రం, అధికారం లేకుండా గేటు మూయించినందుకు సంజాయిషీ అడుగుతూ నోటీసు ఇచ్చారు. ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాను. ఆఫీసరు అది చదివి, నేను పై అధికారితో మాట్లాడతాను లెండి అన్నారు. ఆ నోటీసు మళ్లీ కదలలేదు.

పట్నం అతను వెళ్లేముందు నన్ను ఆ రాతికోత చూపించమన్నాడు. తీసుకెళ్లాను. అంచు మీద నిలబడి చాలాసేపు కిందికి చూశాడు. నా లెక్కలో ఇది ఒక గీత మాత్రమేనండీ అన్నాడు.

తర్వాత నేను పట్టుబట్టి కొన్ని పద్ధతులు పెట్టించాను. నీళ్లు వదిలే ముందు రోజు జానెడు లోతు మాత్రమే వదిలి, కాలువ అడుగంతా తడిపి, మర్నాడే గేటు పూర్తిగా ఎత్తాలి. లస్కరు పంపిన మనిషి కట్ట వెంబడి డప్పు కొట్టుకుంటూ చివరిదాకా నడవాలి. మనిషి ప్రాణానికి ముప్పని ఎవరు చెప్పినా, కాగితం లేకున్నా గేటు మూయవచ్చు, అలా మూసినవాడి నౌకరికి ఆఫీసే పూచీ. ఈ చివరి మాట రాయించడానికి ఆఫీసరు నాకోసం పైవాళ్లతో పోట్లాడారు. అది ఆయన చేసిన మేలు.

బావ ఆ ఎండాకాలమే మంద తోలుకుని మహబూబునగరం వైపు, కాలువలు లేని చెలకల్లోకి వెళ్లిపోయాడు. అక్క కూడా వెంట పోయింది. కొన్నాళ్లకు నేను వాళ్లను చూడటానికి వెళ్లాను. బావ నాకు మంచం వేసి, మేక పాలు కాచి ఇచ్చాడు. పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నాం, అన్నీ మాట్లాడుకున్నాం, ఆ ఒక్కటి తప్ప. బయల్దేరేటప్పుడు బావ ఊరి పొలిమేర దాకా వచ్చాడు.

“నీ తప్పని నేను ఎన్నడు అనుకోలె బామ్మర్ది. కని కాయిదం చూస్తే మాత్రం నాకు ఇప్పటికి భయమైతది.”

మరుసటి ఏడు వంతులు మళ్లీ మారాయి. ఈసారి ఆఫీసరు అడగకుండానే నాకు కావలసినంత గడువు ఇచ్చారు. జీపు కూడా ఇచ్చారు. అన్ని ఊళ్లూ తిరిగాను, పంతుళ్లను కలిశాను, మందల వెంట చెలకల్లోకి నడిచి మరీ చెప్పాను. అన్నీ సరిగానే చేశామని నాకు తెలుసు. అయినా గేటు ఎత్తే పొద్దున నేను ఆఫీసులో కూర్చోలేకపోయాను. డప్పు కొట్టే అతని పక్కన కట్ట మీద నడిచాను. వెనక నీళ్లు కదిలిన చప్పుడు మొదలైంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, వంగి, కాలువ అడుగు చూసుకుంటూ ముందుకు పోయాం.